దూత పేరే నేల పేరయింది
మన్యం దారులు – ఏడవ భాగం

నర్సీపట్నం బస్టాండులో చింతపల్లి బస్సు కోసం కాసేపు నిలబడితే ఒక మాట పదేపదే చెవిన పడుతుంది. ఏజెన్సీ. ఏజెన్సీకి పోయే బండి ఎప్పుడొస్తుందని ఒకరు అడుగుతారు. కొత్తగా ఉద్యోగం వచ్చిన పంతులమ్మ ఏజెన్సీలో పోస్టింగ్ పడిందంటుంది. సంత చేసుకొచ్చిన షావుకారు ఏజెన్సీ పసుపు రంగే వేరంటాడు. ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఘాటెక్కి లంబసింగిలో దిగితే, పొగమంచులో చలిమంట ఎగదోస్తూ కూర్చున్న కుర్రాడు కూడా ఎక్కడివాడివని అడిగితే "మాది ఏజెన్సీ అండి" అనే అంటాడు.

ఆ ఊరికి ఇంకో పేరుంది. కొర్రబయలు. చలికాలం రాత్రి ఆరుబయట ఉండిపోయిన మనిషి తెల్లారేసరికి కొర్రులా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున, ఆ చలిని ఒంటితో అనుభవించినవాళ్లు పెట్టుకున్న పేరది. ఏజెన్సీ అనేది అలా పుట్టిన పేరు కాదు. ఏజెంటు అంటే ఎవరి తరఫునో వచ్చినవాడు, ఎవరి మాటో మోసుకొచ్చినవాడు, దూత. ఆ దూత హోదా కొండకు అంటుకుని, కొండ సొంత పేరును పక్కకు నెట్టేసింది. ఇంటికొచ్చిన చుట్టం పేరు మీద ఇంటిని పిలవడం లాంటిదిది.

గూడెం, రంప కొండల్లో ఊళ్ల గుంపుకు (ముఠాకు) ఒకడు పెద్దగా ఉండే ముఠాదారీ పద్ధతి ఎలా ఉండేదో కిందటి భాగంలో చెప్పుకున్నాం. గొలుగొండ, మాడుగుల పాలకుల సైనికులుగా కొండ కనుమలకు కాపలా ఉండి, అందుకు ప్రతిఫలంగా భూములు పొంది, తరాలు గడిచేసరికి అక్కడి దొరలైన బగతల సంగతి చూశాం. మైదానం వాళ్లను దాదాపు మరిచిపోయింది. వాళ్లు మాత్రం ఆయుధాన్నీ, కట్టుబాటునూ వదల్లేదు. ఇలా తమ కాపలా తాము కాసుకుంటూ, తమ తగవులు తాము తీర్చుకుంటూ బతికే జనం దగ్గరికి ఈస్టిండియా కుంపిణీ ప్రభుత్వం మొదటిసారి ఎవరిని పంపింది, ఏం చెప్పమని పంపింది? జవాబు కోసం లంబసింగి నుంచి ఇవే తూర్పు కనుమల వెంట ఉత్తరానికి, గుంసూరు దాకా నడవాలి. ఇప్పుడది ఒడిశాలో ఉంది. 1936 దాకా గంజాం జిల్లాలో భాగంగా మద్రాసు రాజధాని కిందే ఉండేది.

రాయబారం అంటే మనకు తిక్కన ఉద్యోగపర్వం గుర్తొస్తుంది. అందులో సంజయుడి రాయబారం ఉంది, కృష్ణుడి రాయబారం ఉంది. ధృతరాష్ట్రుడు సంజయుడికి మాటలిచ్చి పంపాడు, భూమి ఇవ్వలేదు. యుద్ధం వద్దు, శాంతి మేలు అని చెప్పమన్నాడు గానీ పాండవులకు ఏం దక్కుతుందో చెప్పమనలేదు. సంజయుడు మంచివాడే. అయినా చెప్పమన్నది చెప్పడం తప్ప ఆ మాటను మార్చే అధికారం అతనికి లేదు. గుంసూరు కొండలెక్కిన ఇద్దరు దూతలూ తెలివైనవాళ్లే. అయినా వాళ్ల కథ చదివిన ప్రతిసారీ నాకు సంజయుడే గుర్తొస్తాడు.

మొదటి పరిచయం రాయబారంతో మొదలు కాలేదు. పేష్కషు బకాయితో మొదలైంది. గుంసూరు జమీందారు ధనంజయ భంజు కుంపిణీకి కట్టాల్సిన సొమ్ము కట్టలేకపోయాడు. 1835లో సైన్యం రాగానే కనుమలెక్కి కోందుల ఆశ్రయం కోరి, ఆ ఏడాది చివరే కన్నుమూశాడు. తన కుటుంబాన్ని కాపాడమని కోందుల దగ్గర మాట తీసుకున్నాకే ప్రాణం విడిచాడంటారు. 1836 మొదట్లో ప్రత్యేక కమిషనరుగా వచ్చిన జార్జ్ రసెల్ సైన్యాన్ని కొండపైకి పంపాడు. పట్టుబడ్డ జమీందారు ఇంటి ఆడవాళ్లను కిందికి తెస్తున్న దళం మీద కోందులు విరుచుకుపడ్డారు. ఇద్దరు ఇంగ్లీషు అధికారులు, మరికొందరు సిపాయిలు చనిపోయారు. దానికి బదులుగా సైన్యం ఊళ్లకు నిప్పు పెట్టింది, నాయకులను ఉరితీసింది. కొండల్లో కోందులకు పెద్ద దిక్కుగా ఉన్న దొర బిసోయి 1837లో పట్టుబడ్డాడు. తెల్లవాళ్లను కోందులు మొదట చూసింది ఈ రూపంలోనే.

ఎవరీ కోందులు? అరకు, పాడేరు ప్రాంతాల్లో కోదులుగా మనం ఎరిగిన జనానికి దాయాదులే. వాళ్లు మాట్లాడే కుయి, కువి భాషలు తెలుగుకు చుట్టాలు. ద్రావిడ భాషల్లో తెలుగు, గోండీ, కుయి, కువి ఒకే శాఖకు చెందినవని భాషాశాస్త్రం తేల్చింది. కువిలోనూ ఇంటిని ఇల్లు అనే అంటారు. ఒక ఇంట్లో పుట్టి, కొందరు మైదానానికి దిగి, కొందరు కొండ మీదే ఉండిపోయినట్టు అనుకోవచ్చు. మనం మరిచిపోయిన మన వాళ్లే వాళ్లు.

కోందు మగవాడికి గొడ్డలి ఒంటి మీద అవయవం లాంటిది. తెగకూ తెగకూ మధ్య కయ్యాలకు వాళ్లకో పద్ధతి ఉండేది. యుద్ధం పెద్దల సభలో నిర్ణయమయ్యేది. పోరుకు వెళ్లే రోజున ఉన్నంతలో మంచిగా అలంకరించుకునేవాళ్లు. ఆయుధం పట్టలేని ముసలివాళ్లూ, ఆడవాళ్లూ అన్నం, నీళ్ల కుండలు పట్టుకుని వెనక నిలబడేవాళ్లు.

గుంసూరు యుద్ధ సమయంలోనే కుంపిణీ అధికారుల కంట మరో సంగతి పడింది. భూదేవత తారి పెన్నుకు నరబలి. బలికోసం కొనితెచ్చిన మనిషిని మెరియా అనేవాళ్లు. కింది ఊళ్ల నుంచి దళారులు పిల్లలను కొనో ఎత్తుకొచ్చో తెచ్చి అమ్మేవాళ్లు. ఆ పిల్లలు కోందుల ఇళ్లలోనే ఏళ్ల తరబడి పెరిగేవాళ్లు. ఒకరోజు బలయ్యేవాళ్లు. వాళ్ల మాంసాన్ని పొలాల్లో పాతిపెట్టేవాళ్లు. నెత్తురు తగలకపోతే పసుపుకు ఎర్రటి చాయ రాదని నమ్మేవాళ్లు. దీన్ని మెత్తటి మాటల్లో చెప్పడం నాకు చేతకాదు. అది ఘోరం. ఆ పిల్లల వైపు నిలబడకుండా ఈ చరిత్ర రాయకూడదు. ఆపాలా వద్దా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఎవరు, ఏ అధికారంతో, ఎలా ఆపాలి అన్న దగ్గరే ఇద్దరు దూతల దారులు వేరయ్యాయి.

ఒకడు శామ్యూల్ చార్టర్స్ మ్యాక్‌ఫర్సన్. మద్రాసు సైన్యంలో అధికారి. 1837లో గుంసూరు కొలతల పని మీద వచ్చాడు. కొండజ్వరం పట్టినా వదలక కోందుల దేవతలు, పంపకాలు, పెళ్లిళ్లు, తగవులు అన్నీ అడిగి తెలుసుకుని 1841లో పెద్ద నివేదిక రాశాడు. అందులో ముఖ్యమైన గమనిక ఒకటుంది. కోందులందరూ ఒక్కటి కాదని అతను గుర్తించాడు. తారిని కొలిచేవాళ్లు నరబలి ఇచ్చేవాళ్లు. వెలుగు దేవుడు బూరాను పెద్దగా ఎంచేవాళ్లు నరబలిని అసహ్యించుకునేవాళ్లు, అయితే వాళ్లలో ఆడశిశువులను చంపే ఆచారం ఉండేది. ఇంకొకటి కూడా అతను పసిగట్టాడు. తెగల మధ్య రక్తపు కక్షలకు తీర్పు చెప్పే మూడో మనిషి వాళ్లకు లేడు. ఆ తీర్పరి స్థానంలో తాను కూర్చుంటే, ఆ మేలుకు బదులుగా నరబలి మానమని అడగవచ్చని లెక్క వేశాడు. కొట్టకుండా, ఒప్పించి మాన్పించే ఎత్తుగడ అది. గుంసూరు వైపు కొంతవరకు ఫలించింది కూడా.

రెండోవాడు జాన్ క్యాంప్‌బెల్. ఇతనూ మద్రాసు సైన్యమే. రసెల్ వెంట యుద్ధంలో ఉన్నాడు, తర్వాత 1842లో చైనా యుద్ధానికి వెళ్లేదాకా గుంసూరులో మెరియాలను విడిపించే పని చేశాడు. మతాల సూక్ష్మాలతో అతనికి పని లేదు. బలగం వెంటబెట్టుకుని ఊరికి వెళ్లి, పెద్దలను కూర్చోబెట్టి, సర్కారు దీన్ని సహించదని చెప్పి, మెరియాలను అప్పగించమనడం, ప్రమాణం చేయించడం అతని పద్ధతి. ఆ ప్రమాణాన్ని ఒకసారి ఊహించుకోండి. నేల మీద పులితోలు. దాని మీద కూర్చున్న కోందు పెద్ద చేతిలో కాస్త మన్ను, కొన్ని బియ్యపు గింజలు, కొన్ని నీళ్లు. మాట తప్పితే పులి తనను తినాలి, మన్ను తనకు పండకూడదు, అన్నం, నీళ్లు తనకు దక్కకూడదు అన్నది అందులోని అర్థం. కొండ మీద మనిషిని బతికించేవీ చంపేవీ ఆ నాలుగే. తన బతుకంతా పణంగా పెట్టి అతను మాట ఇస్తున్నాడు. ఎదురుగా ఉన్న అధికారి తన వైపు నుంచి ఏ ప్రమాణమూ చేయలేదు. రాయబారం అంతటిలో నన్ను ఆపేసే దృశ్యం ఇది.

వీళ్లిద్దరికి తోడు రెండు ప్రభుత్వాల పోటీ ఒకటి. గుంసూరు మద్రాసు కింద, పక్కనే ఉన్న బౌధ్ కొండలు బెంగాల్ కింద ఉండేవి. తెగ ఒకటే, అడవి ఒకటే, వచ్చే దూతలు మాత్రం వేరు, వాళ్లు చెప్పే మాటలు వేరు. గుంసూరులో మానుకున్నవాళ్లు బౌధ్ వైపు జరిగే బలికి వెళ్లి వచ్చేవాళ్లు. చివరికి 1845లో 21వ చట్టంతో ఆ కొండలన్నీ కలిపి మెరియా ఏజెన్సీగా చేసి, మ్యాక్‌ఫర్సన్‌ను ఏజెంటుగా వేశారు.

1846 వేసవి రాకముందే అతని ఎత్తుగడ బౌధ్‌లోని బిసిపడలో బోల్తా కొట్టింది. కోందులు మొదట 170 మంది మెరియాలను తెచ్చి అప్పగించారు. కొద్ది రోజులకే ఆయుధాలతో గుంపులుగా వచ్చి వాళ్లను తిరిగి ఇమ్మన్నారు. బలి ఇవ్వబోమని మాట తీసుకుని మ్యాక్‌ఫర్సన్ వాళ్లను వెనక్కి ఇచ్చేశాడు. విడిపించానని చెప్పి మళ్లీ అదే ఇంటికి పంపిన ఆ 170 మంది ముఖాలు ఏ నివేదికలోనూ లేవు. కొండంతా అంటుకుంది. దొర బిసోయి మేనల్లుడో అన్నకొడుకో గానీ ఆ వంశపు కుర్రాడు చక్ర బిసోయి నాయకుడయ్యాడు. జనరల్ డైస్ సైన్యంతో వచ్చి, దీనంతటికీ మ్యాక్‌ఫర్సనే కారణమన్నాడు. 1847లో అతన్నీ అతని సహాయకులనూ తొలగించారు. ఆ కుర్చీలోకి వచ్చింది చైనా నుంచి తిరిగొచ్చిన క్యాంప్‌బెల్.

ఇద్దరి మధ్య వైరం కొండ పెద్దల మీదుగా కూడా నడిచింది. దొర బిసోయి స్థానంలో కుంపిణీయే నిలబెట్టిన శ్యామ్ బిసోయిని మ్యాక్‌ఫర్సన్ కుట్రదారన్నాడు. అవతలి వర్గం అతన్నే నమ్మకస్తుడంది. ఒక దూత పక్కన పెట్టినవాడిని ఇంకో దూత పిలిచి కూర్చోబెట్టాడు. తర్వాత జరిగిన విచారణలో జె.పి. గ్రాంట్ మ్యాక్‌ఫర్సన్ తప్పు లేదని తేల్చాడు. మ్యాక్‌ఫర్సన్ వేరే కొలువులకు వెళ్లి, 1857 నాటికి గ్వాలియర్‌లో సింధియా దర్బారులో ఉండి, 1860లో చనిపోయాడు. పోరు అక్కడా ఆగలేదు. కోందుల మధ్య తన పదమూడేళ్ల సేవ గురించి క్యాంప్‌బెల్ 1864లో పుస్తకం వేశాడు. మరుసటి ఏడాదే మ్యాక్‌ఫర్సన్ సోదరుడు అన్న ఉత్తరాలూ రాతలూ కూర్చి ఇంకో పుస్తకం తెచ్చాడు. నరబలి మాన్పించిన ఘనత ఎవరిదన్నదే రెండు పుస్తకాల తగవు. కోందు మనిషి తన మాటగా రాసుకున్న పుస్తకం ఒక్కటీ లేదు.

అయినా ఆ రాతల సందుల్లోంచే కొండ గొంతు అక్కడక్కడా వినిపిస్తుంది. క్యాంప్‌బెల్ గుంసూరు కొండల కింద ఒక పెద్ద చెరువు తవ్వించాడు. అందులో నీళ్లు నిలవలేదు. అందుకే దొర ఈ మెరియాలను పోగుచేసి తీసుకుపోతున్నాడనీ, మైదానంలో గంగమ్మకు బలి ఇస్తాడనీ కొండల్లో పుకారు లేచింది. క్యాంప్‌బెల్‌కు అది మూఢత్వంగా కనిపించింది. నాకు అందులో సూటి తర్కం కనిపిస్తుంది. మనుషులను అంత పట్టుదలగా అడిగి తీసుకుపోయేవాడికి వాళ్లతో ఏదో అవసరం ఉండి తీరాలి. ఊళ్లు తగలబెట్టిన చేతులే పిల్లల మీద జాలిపడుతున్నాయంటే ఎలా నమ్ముతారు?

ఇంకొకటి. మనిషికి బదులు పశువును బలి ఇచ్చేటప్పుడు కోందులు దేవతకు మొక్కుతూ, తప్పు తమది కాదనీ, కోపం ఉంటే మాన్పించిన ఈ దొర మీద చూపమనీ, భరించగల సత్తువ అతనికుందనీ చెప్పుకున్నట్టు ఆనాటి రాతల్లో ఉంది. గెలిచినవాడి మీదే పాపభారం మోపి తాము విడుదల పొందారు. ఓడిన జనం చేసిన ఈ రాయబారం ముందు రెండు పుస్తకాల వాదమూ నాకు చిన్నదిగా కనిపిస్తుంది.

1837 నుంచి 1854 వరకు 1,506 మంది మెరియాలను విడిపించినట్టు సర్కారు లెక్క. బరంపురంలోనూ కటకంలోనూ మిషనరీల బడుల్లో కొందరు పిల్లలు పెరిగారు. ఇది చిన్న సంగతి కాదు. ప్రాణం దక్కిన ప్రతి బిడ్డా లెక్కే. అయితే ఆ కరుణ వెనకాలే పన్ను వచ్చింది, పోలీసు వచ్చాడు, అడవికి హద్దు వచ్చింది. 1861లో మెరియా ఏజెన్సీని ఎత్తేశారు. చక్ర బిసోయి మాత్రం చివరిదాకా వాళ్లకు చిక్కలేదు.

ఇప్పుడు ఏజెన్సీ అనే మాటకు వద్దాం. గుంసూరు యుద్ధం తర్వాత, మామూలు కోర్టులూ చట్టాలూ కొండలకు పనికిరావని రసెల్ సిఫారసు చేశాడు. 1839లో 24వ చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ జమీన్లను మామూలు న్యాయస్థానాల నుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా చేసి, సివిలు క్రిమినలు అధికారాలన్నీ అతని చేతిలో పెట్టింది. ఆ ఏజెంటు ఏలే నేల ఏజెన్సీ అయింది. దూత రాయబారం చెప్పి తిరిగి వెళ్లిపోవాలి. ఇక్కడ దూత ఉండిపోయాడు, తీర్పరి అయ్యాడు, పాలకుడయ్యాడు, చివరికి ఊరి పేరయ్యాడు.

లంబసింగి ఉన్న గూడెం కొండల వైపు ఆ మాత్రం రాయబారం కూడా నడవలేదు. 1830లలోనే గొలుగొండ జమీందారును తప్పించి, ఆ కుటుంబంలోని ఒక మహిళను గద్దె మీద కూర్చోబెట్టారు. కొండ సర్దారులను అడగలేదు. వాళ్లు ఆమెను చంపేశారు. ఆ మహిళ చేసిన నేరమేమీ లేదు. అడగకుండా తీసుకున్న నిర్ణయానికి ఆమె బలైంది. జమీను సర్కారు చేతికి పోయింది. 1845లో మళ్లీ తిరుగుబాటు లేచి మూడేళ్లు సాగింది. సర్కారు చివరికి రాజీకి దిగాల్సి వచ్చింది. 1879లో రంపలో మొదలైన ఫితూరీ (తిరుగుబాటు) గూడెం దాకా పాకింది.

ఇక 1920ల నాటికి ఏజెంటు మాట మోసుకొచ్చేవాడు గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించే పని అతనిది. కొండ జనాన్ని వెట్టికి తోలాడు. కూలి సరిగా ఇవ్వలేదు. ఎదురు తిరిగినవాళ్ల భూములకు ఎసరు పెట్టాడు. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ముల కడుపుమంట అక్కడిదే. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు ఠాణా మీద పడినప్పుడు ఆ అన్నదమ్ములు అందులో ఉన్నారు. ఈ రోజు వేడి కాఫీ తాగి మంచు ఫొటోలు తీసుకుందామని మనం సుఖంగా ఎక్కి వచ్చే దారి ఆ వెట్టి దారే. చెరువులవేనం దగ్గర మబ్బులు చూడటానికి ఆగినప్పుడు టైరు కింది రాయిని ఎవరి తాత మోశాడో ఒక్క నిమిషం తలుచుకోవడం మన బాధ్యత అనుకుంటాను.

ఆ కొండలెక్కినవాళ్లలో చెప్పడానికి కాక వినడానికి వచ్చినవాళ్లూ ఉన్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు అరకు లోయకు వెళ్లి, కొండదొరల కూబి భాషను వాళ్ల నోటి నుంచే విని, మాట మాటా రాసుకుని, 1969లో దాని వ్యాకరణాన్నీ పదకోశాన్నీ పుస్తకంగా ఇచ్చారు. నీళ్లను ఏమంటారు, అమ్మను ఏమంటారు, రాత్రి పడుకునే ముందు పిల్లలకు ఏ కథ చెబుతారు అని అడగటం ఎంత చిన్న పని! రసెల్‌తో మొదలుపెట్టి అంతమంది అధికారులు ఎక్కి దిగిన కొండల్లో, ఆ చిన్న పనికి నూట ముప్పై ఏళ్లు పట్టింది.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. లంబసింగి ఇప్పుడు ఆ జిల్లాలో ఉంది. కాగితం మీద ఏజెంటు పేరు స్థానంలో, ఏజెంటును ఎదిరించినవాడి పేరు వచ్చింది. నర్సీపట్నం బస్టాండులో మాత్రం ఇంకా ఏజెన్సీ బస్సే బయల్దేరుతోంది. తరువాతిసారి ఎక్కేటప్పుడు కండక్టరుకు కొర్రబయలుకు ఒక టికెట్ ఇమ్మని చెప్పి చూడాలనుంది. ఆ పేరు వాళ్లది కనుక.

కింది నుంచి పైకి వచ్చిన రాయబారాలు ఇవి. పై నుంచి కిందికి దిగిన రాయబారం ఒకటుంది. ఎప్పుడు వస్తున్నామో ముందే చెప్పి మరీ అల్లూరి దళం పంపేదని జనం ఇప్పటికీ చెప్పుకునే మిరపకాయ టపా. దాని కథ వచ్చే భాగంలో.